అమ్మకానికి లేని కార్డు

ఆ ఆదివారం నేను ప్లాసా మయోర్‌కి వెళ్ళింది నా పని మీద కాదు. ఆసుపత్రి లాండ్రీలో నాతోపాటు దుప్పట్లు మడతపెట్టే తొమాసా తోడు రమ్మంటే వెళ్ళాను. ఆమె మొగుడికి షాంపేన్ సీసాల బిరడాల మీదుండే రేకు బిళ్ళలు పోగుచేసే పిచ్చి. పుట్టినరోజుకి అతని దగ్గర లేని బిళ్ళ ఏదైనా కొనాలని ఆమె ఆశ. ఆదివారం పొద్దున ఆ చౌకు చుట్టూ కమానుల కింద స్టాంపులు, నాణేలు, పాత కార్డులు అమ్మేవాళ్ళు మడతబల్లలు వేసుకుని కూర్చుంటారు. మాడ్రిడ్‌లోనే పుట్టి యాభైనాలుగేళ్ళుగా ఇక్కడే బతుకుతున్నదాన్ని. ఆ చౌకుకి అడ్డంపడి ఎన్ని వేలసార్లు నడిచానో లెక్కలేదు. ఆ బల్లల దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

తొమాసా బిళ్ళలు ఏరుకుంటుంటే పక్క బల్ల మీద చెప్పుల పెట్టెలో నిలబెట్టిన పోస్టుకార్డులు ఊరికే తిరగేస్తున్నాను. 'జర్మనీ' అని రాసిన అట్టముక్క వెనక మొదటి కార్డు పైకి తీశాను. కొలోన్ ఊళ్ళో వంతెన బొమ్మ. వెనక్కి తిప్పాను.

మా ఇంటి చిరునామా. ఉసేరా పేటలో నేను పుట్టిన ఇల్లు, నంబరుతో సహా. పైన మా అమ్మ పేరు, ఎలాదియా. అడుగున మా నాన్న సంతకం, సతుర్నినో.

'ఇక్కడ మంచు నువ్వు ఉతికిన దుప్పటంత తెల్లగా ఉంది. పాపకి పళ్ళొచ్చాయా? నేను వేళకి తింటున్నాను. నువ్వూ తిను.'

ఆ పాపని నేనే.

నేను పుట్టిన ఏడే నాన్న ఫ్యాక్టరీ పనికి జర్మనీ వెళ్ళి అయిదేళ్ళు ఉండి వచ్చాడు. ఆ అయిదేళ్ళలో పంపిన కార్డులన్నీ అమ్మ పండ్ల హల్వా వచ్చిన రేకుడబ్బాలో పెట్టి, నీలం రిబ్బను చుట్టి, బీరువాలో దాచుకుంది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. వాటిలో ఏముందో చూడకుండానే చెప్పేది. నాన్న పోయి పదహారేళ్ళయినా ఆ డబ్బా గది దాటి బయటికి రాలేదు. అలాంటి కార్డు ఈ చెప్పుల పెట్టెలోకి ఎలా వచ్చింది?

బల్ల వెనక డెబ్బై ఏళ్ళాయన కూర్చుని ఉన్నాడు. ఉన్ని టోపీ, మెడలో దారానికి భూతద్దం.

"ఇదెంత?" అన్నాను.

"అది అమ్మకానికి లేదమ్మా."

"అమ్మకానికి లేనిదాన్ని పెట్టెలో ఎందుకు పెట్టారు?"

"చూడ్డానికి." ఆయన చూస్తున్నది కార్డుని కాదు, నన్ను. "జనం బొమ్మ చూస్తారు, లేదంటే స్టాంపు చూస్తారు. మీరు రాత చదివారు. ఆ రాత ఎవరిదో మీకు తెలుసా?"

దొంగసొత్తు పెట్టుకున్నవాడే ఇలా ఎదురు ఆరా తీస్తాడనిపించింది. ఇది మా ఇంటిదని చెబితే మిగతావి కూడా మాయం చేస్తాడు.

"నాకేం తెలుసు?" అన్నాను.

"మీ పేరు?"

"తొమాసా," అన్నాను. పక్కన అసలు తొమాసా తలెత్తి నాకేసి వింతగా చూసింది. "మీకిది ఎవరు తెచ్చి ఇచ్చారు?"

"ఒక ఆడమనిషి. అంతకన్నా ఈ వ్యాపారంలో చెప్పం," అంటూ ఆయన కార్డుని నా వేళ్ళ మధ్యనుంచి మెల్లగా లాక్కుని మళ్ళీ అట్టముక్క వెనక నిలబెట్టాడు. నేను పది అడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే, ఒక చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

అనుమానం పెనుభూతం అంటారు. బస్సెక్కేసరికే దానికి కాళ్ళొచ్చాయి. దిగేసరికి పేరు కూడా వచ్చింది. చారో.

చారో నా తమ్ముడు ఫెర్మిన్ భార్య. అమ్మ ఉండేది వాళ్ళతోనే. ఫెర్మిన్ టాక్సీ తోలుతాడు కాబట్టి ఇంట్లో ఏం జరిగినా వాడికి తెలిసే అవకాశం లేదు. చారో పాత బట్టలూ పాత గిన్నెలూ ఫోన్లో ఫోటో పెట్టి అమ్ముతూంటుంది. పోయిన నెల కొత్త బూట్లు వేసుకుంది. 'ఈ బీరువాలో ఉన్న చెత్తంతా ఎప్పుడు వదులుతుందో' అని నా ముందే రెండుసార్లు అంది. అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే ఎంత చక్కగా అతికాయో.

బుధవారం మధ్యాహ్నం అమ్మ పెద్దవాళ్ళ క్లబ్బులో పేకాటకి వెళ్తుంది. ఆ వేళ చూసుకుని వెళ్ళాను. చారో వంటింట్లో శనగలు ఉడకబెడుతోంది. కాళ్ళు నొప్పులని, కాసేపు అమ్మ మంచం మీద నడుం వాలుస్తానని చెప్పి గదిలోకి వెళ్ళి బీరువా తెరిచాను. డబ్బా తేలిగ్గా ఉంది. రిబ్బను ఉంది గాని ముడి కొత్తది. ముప్పైకి పైగా ఉండాల్సిన కార్డులు పదకొండే ఉన్నాయి.

"ఏం వెతుకుతున్నావు వదినా?"

చారో గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గరిట.

"మా నాన్న కార్డులు. తక్కువయ్యాయి."

"అయ్యుంటాయి. చేతులు పడుతుంటే తగ్గవా మరి?" అని నా చేతిలో ఉన్న డబ్బా వంక చూసింది.

"ఎవరి చేతులు?"

"నేను చూసినవైతే ఇవిగో, నీవే. నడుం వాలుస్తానని వచ్చి బీరువాలో దూరింది నేను కాదుగా."

"ఈ ఇంట్లో పాత సామాన్లు అమ్మేది నేను కాదుగా," అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. అరవలేదు. గరిట బల్ల మీద పెట్టి, ఏప్రనుకి చేతులు తుడుచుకుని, మంచం మీద కూర్చుంది.

"చెప్పు. మొత్తం చెప్పు. సగం మింగి సగం కక్కకు."

చెప్పాను. ప్లాసా మయోర్, చెప్పుల పెట్టె, భూతద్దం మనిషి, 'ఒక ఆడమనిషి' అన్న మాట. 

"పదేళ్ళనుంచి మీ అమ్మకి వీపు రుద్దుతున్నాను. అమ్ముకోవాలంటే ఆవిడ చెవుల దుద్దులు అమ్ముకోనా? రాసిన పాత అట్టముక్కలు ఎవరు కొంటారు?"

"మరి ఎవరు తీశారు?"

"నువ్వు. ఆ కార్డు చూశానని నువ్వు అంటున్నావు, ఇంకెవరూ చూడలేదు. దొంగ తనే వచ్చి దొంగతనం జరిగిందని చెప్పడం ఎక్కడా లేదా ఏం?"

"అయితే వచ్చి చూడు."

"వస్తాను. ఆదివారం. నువ్వు ముందే వెళ్ళి వాడితో కూడబలుక్కోకుండా నిన్ను ఇంటి దగ్గరనుంచే పట్టుకెళ్తాను."

అమ్మనే అడిగేద్దామని చారో అంది. నేనే వద్దన్నాను. కార్డులు పోయాయని తెలిస్తే డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి తట్టుకోలేదని నా భయం. అదీకాక, దొంగ చారోయే అయితే ముందు పట్టుకుని తర్వాత చెబుదామని లోపల ఉంది.

ఆదివారం అమ్మ ఎప్పటిలాగే పది గంటలకి సాన్ ఇసిద్రో గుడిలో ప్రార్థనకని బయల్దేరింది. ఆవిడ బస్సు వెళ్ళాక మేమిద్దరం తర్వాతి బస్సెక్కాం.  చౌకు దగ్గర దిగాక చారో వేయించిన కలమారి చేప ముక్కలు పెట్టిన రొట్టె ఒకటి కొనుక్కుంది. నాకు కావాలా అని అడగలేదు. ఒక రాతిస్తంభం వెనక నిలబడి, ఆయన బల్ల కనిపించేలా సర్దుకున్నాం.

"ఆ ఉన్ని టోపీయేనా?" అంది చారో నములుతూ.

"ఆయనే."

"పక్కన కుర్చీ వేసి పెట్టాడు. ఎవరో రావాలి." ఆమె నమలడం ఆపింది. "వదినా."

చౌకుకి అడ్డంగా, కంచు గుర్రం మీద రాజు విగ్రహం పక్కనుంచి కర్ర ఊతంతో మా అమ్మ వస్తోంది. గుడికి వెళ్ళిన అమ్మ. మంచి కోటు, మెడలో ఆకుపచ్చ రుమాలు. దగ్గరికొచ్చాక చూస్తే పెదాలకి రంగు. నాన్న పోయాక అమ్మ పెదాలకి రంగు వేసుకోగా నేను చూడలేదు. ఆ మనిషి లేచి నిలబడి, కుర్చీ వెనక్కి లాగి, ఆవిడ చేతిలో కర్ర అందుకుని గోడకి ఆనించాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు.

"మీ అమ్మకి మనిషి దొరికాడు," అంది చారో. గొంతులో నవ్వు ఆగడం లేదు. "ప్రార్థన బాగా జరుగుతోంది."

"నోరుముయ్యి."  ఈ ముసలాడు అమ్మని మాటల్లో పెట్టి నాన్న కార్డులన్నీ లాగేసుకుంటున్నాడు. తర్వాత ఏవి లాగుతాడు? పింఛనా? ఇల్లా?

స్తంభం చాటునుంచి బయటికి వచ్చి బల్ల వైపు నడిచాను. ఆయన నన్ను చూడగానే అమ్మ భుజం తట్టాడు.

"ఎలాదియా గారూ, వచ్చింది. నేను చెప్పిన మనిషి ఈవిడే. తొమాసా."

అమ్మ ఆత్రంగా తల తిప్పింది. ఆ కళ్ళలో అంత వెలుగు చూసి చాలా ఏళ్ళయింది. నన్ను చూసింది, నా వెనక రొట్టె పట్టుకుని వస్తున్న చారోని చూసింది. వెలుగంతా ఆరిపోయింది.

"ఇదా?" అంది. "హెనారో, ఇది నా కూతురు. దీని పేరు అసున్. తొమాసా ఏమిటి దీని మొహం."

"నాకు తొమాసా అనే చెప్పిందే," అన్నాడు ఆయన, కాస్త సిగ్గుపడుతూ.

"అబద్ధమెందుకు చెప్పావే?"

"నువ్వు గుడికెళ్ళానని ఎందుకు చెప్పావమ్మా?" అన్నాను. "నాన్న కార్డులు ఎందుకు అమ్ముతున్నావు?"

"అమ్మడమేమిటి? ఒక్కటి కూడా అమ్మలేదు, డబ్బాలో లేనివన్నీ ఇతని దగ్గరే భద్రంగా ఉన్నాయి. గాలం వేశాను. వారమంతా ఎదురుచూస్తే చివరికి నా కడుపున పుట్టిందే వచ్చి తగులుకుంది." అమ్మ హెనారో గారి వంక తిరిగింది. "చూపించు దానికి."

ఆయన బల్ల కిందినుంచి ఒక కవరు తీసి, నాలుగు కార్డులు వరసగా పరిచాడు. నాలుగింటి మీదా నాకు తెలిసిన రాతే, పొడుగు తోకలున్న అక్షరాలు. కాని ఒక్కటీ అమ్మ పేరు మీద లేదు. ఒకటి వయ్యేకాస్ పేటలో ఎవరో ఆవిడకి. ఇంకొకటి తొలేదో ఊళ్ళో మరొకావిడకి. మూడోది చదివాను. 'ఇక్కడ మంచు నువ్వు ఉతికిన దుప్పటంత తెల్లగా ఉంది.'

"నాన్న వీళ్ళందరికీ..." అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను," అంది అమ్మ. "రెండేళ్ళ కిందట క్లబ్బు వాళ్ళు ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు ఈ పెట్టెలో వయ్యేకాస్ ఆవిడ కార్డు చూశాను. కింద పేరు లేదు, 'నీవాడు' అని మాత్రమే ఉంది. నా మంచు, నా దుప్పటి, ఇంకో ఆడదానికి. నెలరోజులు మీ నాన్న ఫోటో గోడవైపు తిప్పి పెట్టాను."

"ఓహో, అందుకా," అంది చారో. "దులిపినప్పుడల్లా నేను తిప్పడం, తెల్లారేసరికి మళ్ళీ గోడవైపు ఉండడం. ఫెర్మిన్‌కి చెబితే నాకు మతి పోయిందన్నాడు."

"తర్వాత హెనారో మిగతావి వెతికి పెట్టాడు. వాటి కింద వేరే మగవాళ్ళ పేర్లున్నాయి. అప్పుడర్థమయింది. మీ నాన్నకి సంతకం తప్ప రాయడం రాదు."

ఆ మాట నాకు తెలియదు. బడిలో పిల్లలందరికీ మా నాన్న జర్మనీనుంచి రాస్తాడని గొప్పలు చెప్పుకున్నదాన్ని. నాన్న పేపరు పట్టుకుని కూర్చునేవాడు, ఎప్పుడైనా పైకి చదివాడా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఫ్యాక్టరీ వాళ్ళు పడుకునే షెడ్డులో ఎవరో స్నేహితుడు రాసిపెట్టేవాడని నాకు ముందునుంచీ తెలుసు," అంది అమ్మ. "కాని తను చెబితే అతను రాసేవాడని అనుకున్నాను. మాటలు మీ నాన్నవని. ఇప్పుడు చూస్తే అవే మాటలు అందరికీ. అసలు అందులో నా మొగుడు చెప్పింది ఒక్క ముక్కైనా ఉందా? ఆ రాసినవాడో, వాడి తాలూకు మనుషులో దొరికితే అడుగుదామని కార్డులు ఇక్కడ పెట్టించాను. రాత చూసి ఆగినవాళ్ళని వదలొద్దని చెప్పాను. రెండేళ్ళకి ఒక్కతి ఆగింది. మంచి కోటు వేసుకుని వచ్చాను. తీరా చూస్తే నువ్వు."

"మాకు చెబితే సరిపోయేదిగా అమ్మా."

"చెబితే? ఫెర్మిన్ నవ్వుతాడు. నువ్వు నీ మరదల్ని అనుమానిస్తావు." అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అప్పుడే అనుమానించావా?"

 చారో రొట్టెలో మిగిలిన సగం అమ్మ చేతిలో పెట్టింది.

నేను చారోకి క్షమాపణ చెప్పానుగాని చెప్పడం చేతకాలేదు. 'ఎవరైనా అలాగే అనుకుంటారు' అని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపి, శనివారాలు అమ్మకి స్నానం నువ్వు చేయించు, అప్పుడు చూద్దాం అంది. అప్పటినుంచి శనివారాలు నావే. తను మాత్రం మర్నాడే ఒక కార్డుకి ఫోటో తీసి, 'ఈ చేతిరాత ఎవరిదో తెలిసినవాళ్ళు చెప్పండి' అని ఫోన్లో పెట్టింది.

ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. పార్లా ఊరినుంచి ఒక అమ్మాయి. ఆ రాత చనిపోయిన వాళ్ళ తాతది, పేరు బాసిలియో. వాళ్ళ అమ్మమ్మ ఎన్‌కర్నా వచ్చి మాట్లాడుతుంది, కాని ఎవరింటికీ రాదు, నలుగురూ తిరిగే చోటయితేనే వస్తుంది.

"ఇంటికెందుకు రాదట?" అంది అమ్మ. "కార్డులు కాజేద్దామనేమో. మనవాటిలో నాలుగే పట్టుకెళ్దాం, మిగతావి ఇంట్లో ఉంచుదాం."

ఆ ఆదివారం ప్లాసా మయోర్‌లో హెనారో గారి బల్ల దగ్గరికి ఎన్‌కర్నా నల్లకోటు వేసుకుని, చేతిసంచి రెండు చేతులా పొట్టకి అదుముకుని వచ్చింది. హెనారో గారు ఇచ్చిన కుర్చీలో కూర్చోలేదు. అమ్మని కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా ఎలాదియా?"

"నేనే."

"ఉసేరా ఎలాదియా?"

"అవును. అయితే ఏం?"

"నలభై ఏడేళ్ళుగా నిన్ను చూడాలని ఉంది," అంది ఎన్‌కర్నా. ఆ అనడంలో ప్రేమేమీ లేదు. సంచి తెరిచి, అరచేయంత నోటుపుస్తకం తీసింది. "పెళ్ళయిన మొదటి ఏడే ఇది మా ఆయన కోటులో దొరికింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళ పేర్లు, చిరునామాలు. ఎవరు వీళ్ళని అడిగితే నవ్వాడు. ఒట్టేశాను, చెప్పకూడదన్నాడు. మళ్ళీ అడగలేదు. మళ్ళీ నమ్మనూ లేదు. ఆయన చనిపోతుంటే పక్కన కూర్చుని కూడా లెక్కపెడుతూనే ఉన్నాను. పద్నాలుగు."

అమ్మ తను తెచ్చిన నాలుగు కార్డులూ, హెనారో గారి కవరులోవీ కలిపి ఆమె ముందు పరిచింది. మా నాన్న సంతకం, ఆ పక్కన వేరే మగవాళ్ళ పేర్లు. ఎన్‌కర్నా ఒక్కొక్కటీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. మూడో కార్డు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో కూర్చుంది.

"వాళ్ళ పెళ్ళాలకా," అంది.

"వాళ్ళకి రాయడం రాదు. చెప్పొద్దని మా ఆయనే ఒట్టు వేయించుకుని ఉంటాడు, ఆయనకి సిగ్గెక్కువ," అంది అమ్మ.

"నాకు మాత్రం జన్మలో ఒక్క ఉత్తరం రాయలేదు," అంది ఎన్‌కర్నా. "రాసి రాసి విసుగెత్తిందనేవాడు. ఎవరికని నేను తిట్టేదాన్ని."

అమ్మ అడిగింది. "నా పేరు దగ్గర ఏముంది అందులో?"

ఎన్‌కర్నా వెంటనే ఇవ్వలేదు. పుస్తకం తనే పట్టుకుని, పేజీ తిప్పి, వేలు కింద పెట్టి చదివింది.

"'ఎలాదియా. కోపం ఎక్కువ. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. వాళ్ళమ్మ ఊసు ఎత్తకూడదు. చలి పడదు, బొగ్గు ఉందా అని ప్రతిసారీ అడగాలి. మెల్లగా చదువుతుంది, చిన్న మాటలు రాయి.'" ఆమె తలెత్తింది. "ఇవన్నీ మా ఆయనకి ఎలా తెలుసునని ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా నీకు? ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం గురించి."

అమ్మ పుస్తకం మీదికి వంగింది. "మళ్ళీ చదువు," అంది. ఎన్‌కర్నా మళ్ళీ చదివింది. మూడోసారి చదవమన్నప్పుడు పుస్తకమే అమ్మ చేతిలో పెట్టింది.

"మెల్లగా చదువుతానా నేను?" అంది అమ్మ చివరికి, నావైపు తిరిగి. "పెద్ద చెప్పొచ్చాడు. తనకి అసలే రాదు." అని ఆ పేజీనే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఎన్‌కర్నా వెళ్ళేముందు ఒక కార్డు అడిగింది. తన పేరు మీద లేకపోయినా ఫరవాలేదంది. అమ్మ తటపటాయించింది. మంచు ఉన్నది ఇవ్వలేదు. వంతెన బొమ్మతోనే ఇంకొకటి, పాపకి పళ్ళొచ్చాయని విని సంతోషించానని ఉన్నది ఇచ్చింది. బదులుగా నోటుపుస్తకంలో ఆ పేజీ చింపి ఇమ్మంది. ఎన్‌కర్నా ఒప్పుకోలేదు. చారో ఫోన్లో ఫోటో తీసింది.

నేను వీడ్కోలు చెబుతుంటే ఎన్‌కర్నా నన్ను ఒక స్తంభం పక్కకి లాగింది.

"మీ అమ్మ ముందు అనలేదు," అంది గొంతు తగ్గించి. "పద్నాలుగు మందిలో పదకొండు మందికే ఇలా గుణాలు రాసి ఉన్నాయి. ముగ్గురికి పేరు, వీధి తప్ప ఏమీ లేదు. వాళ్ళ గురించి రాసుకోకుండానే ఎలా గుర్తుంచుకున్నాడంటావు?"

"ఆ మగవాళ్ళు ఏమీ చెప్పి ఉండరు," అన్నాను.

"అయ్యుండొచ్చు," అంది. చేతిసంచి మూసి, జిప్పు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది. "అందులో ఒకతిది తొలేదో. వచ్చే ఆదివారం ఆ కార్డు ఎక్కడినుంచి వచ్చిందో మీ హెనారో గారిని అడుగుతాను. ఆయన అంతా చెబుతున్నట్టు అనిపించడం లేదు నాకు."